అందరూ చదివిన పుస్తకం

ఆ రోజు ఉదయానికి బుల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. పాప లేవకముందే తను లేవాలి. పిల్లి అడుగులు వేసుకుంటూ ముందుగదిలోకి వెళ్ళి కంప్యూటరు తెరవాలి. భర్త రాసిన వ్యాసంలో, ఏడో పుటలో, నిన్న మధ్యాహ్నం తను కక్షకొద్దీ ఇరికించిన ఒక్క వాక్యాన్నీ, దాని తోక పట్టుకుని వేలాడుతున్న దొంగ ఆధారాన్నీ తీసిపారెయ్యాలి. ఆ తర్వాత తాపీగా పాలు కాచుకోవచ్చు.

పథకంలో లోపమేమీ లేదు. ముందుగదిలో భర్త ఉండటమే లోపం.

ఎన్నడూ లేనిది, ఆ మానవుడు అప్పటికే లేచి, స్నానం చేసి, జుట్టు నున్నగా దువ్వుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. పెళ్ళిచూపుల నాడు కూడా అంత నున్నగా దువ్వుకోలేదు.

"పంపించేశాను!" అన్నాడు ఆమెను చూడగానే.

"ఏం పంపించేశారు?"

"వ్యాసమే. పెద్దసారుకొకటి, బయట్నుంచి వచ్చే మేడమ్‌కొకటి. తెల్లారకముందే పంపితే శ్రద్ధ ఉన్నవాడనుకుంటారు."

"ఒక్కసారి చదువుకుని పంపాల్సింది కదండీ!"

"నేను రాసింది మళ్ళీ నేనే చదవడమేంటి బుల్లీ? నువ్వు టైపు చేశావుగా. నీ టైపులో తప్పులుండవు."

బుల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది.

బుల్లి చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. టైపు మాత్రం చేతికి బాగా వచ్చింది. భర్త కాలేజీలో లెక్చరరు; కాకపోతే తాత్కాలికం. ప్రతి ఏడాదీ సెలవులు రాగానే ఉద్యోగం పోయేది, కాలేజీ తెరవగానే మళ్ళీ వచ్చేది. ఆ మధ్య నెలల్లో ఇంట్లో అందరూ కొంచెం మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక పర్మనెంటు పోస్టు పడింది. ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. పోటీలో ఉన్నది ఇద్దరు: ఆయన, ఆయన పక్కగదిలో కూర్చునే సారు. ఇద్దరూ తలో వ్యాసం పంపాలి, కాలేజీ పెద్దసారూ, బయట్నుంచి వచ్చే మేడమూ దాని మీదే ప్రశ్నలడుగుతారు. ఆయన వ్యాసం పేరు "ఇంటి వాతావరణం - పసిపిల్లల నిద్ర". సొంత పిల్లను ఒక్క పూట కూడా నిద్రపుచ్చి ఎరగని మనిషి, ఆ విషయం మీద ఇరవై పుటలు రాశాడు.

మనిషి మంచివాడే. జబ్బల్లా ఒకటే: ఆధారం. ఎవరు చెప్పారు, ఏ ఏడాది, ఏ పుస్తకంలో, ఎన్నో పుటలో. ఈ నాలుగూ లేని మాటను ఆయన మాటగా లెక్కపెట్టడు. కాలేజీలో సరే, ఇంట్లో కూడా అంతే. "రేపు నీళ్ళు రావటండీ" అంటే, "ఎవరన్నారు?" "పాపకి పళ్ళొస్తున్నాయి" అంటే, "నువ్వు చూశావా, అమ్మ చెప్పిందా?" ఒకసారి వాళ్ళమ్మ, "ఒరేయ్, నిన్ను కన్నది నేనేరా, దానికీ ఆధారం కావాలా?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "ఆస్పత్రి కాగితం ఉందిగా" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం జరిగింది ఇదీ. బుల్లి ఎలాగో పాపను నిద్రపుచ్చి, ఏడో పుట టైపు చేస్తోంది. వంటింట్లో అత్తగారు మిక్సీ తిప్పుతున్నారు, పైన ఫ్యాను కిరకిరలాడుతోంది, పాప ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. అప్పుడాయన మునివేళ్ళ మీద వచ్చాడు. "పసిపిల్లల నిద్రకు నిశ్శబ్దం ముఖ్యం" అని తనే రాసుకున్నాడు కదా, దాని ప్రకారం మిక్సీ ఆపించాడు, ఫ్యాను ఆపాడు, కిటికీ మూశాడు. ఇల్లంతా ఒక్కసారిగా మూగబోయింది. పాప కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, కప్పెగిరిపోయేలా ఏడుపందుకుంది. "చూశావా, ఎక్కడో ఇంకా చప్పుడవుతోంది" అనేసి ఆయన వెళ్ళిపోయాడు.

బుల్లికి ఒళ్ళు మండిపోయింది. ఒక చంకలో పాపను ఇరికించుకుని, రెండో చేత్తో ఏడో పుటలో టకటకా కొట్టింది: "పసిపిల్ల చప్పుడుకు లేవదు. అలవాటైన చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు లేస్తుంది." కొట్టాక కసి తీరలేదు. ఆధారం లేని వాక్యం ఆ ఇంట్లో చెల్లదు కదా, అందుకని ఆధారం కూడా ఇచ్చింది, ఆయన నేర్పిన పద్ధతిలోనే, కామాలు చుక్కలతో సహా. రచయిత, ఎప్పుడో పోయిన తన తాత, అమ్మ తండ్రి. ఆయన జన్మలో పుస్తకం ముట్టిన పాపాన పోలేదు. సంవత్సరం, తన పెళ్ళయినది. పుస్తకం పేరు "నిద్రపట్టని ఇల్లు". ప్రచురించినవాళ్ళు, సందు చివర పాలకొట్టు వాళ్ళు. పుట, తమ ఇంటి నంబరు. అంతా చూసుకుని నవ్వుకుంది, పొద్దున్నే తీసేద్దాంలే అనుకుంది. ఇదిగో, పొద్దున్న.

"ఏమండీ, ఏడో పుటలో..." అని మొదలుపెట్టింది.

"ఏడో పుట సంగతి మేడమ్ చూసుకుంటుంది. ఆవిడ గురించి విన్నావుగా? ఆధారాల్లో వేలు పెడితే చెయ్యి దాకా వెళ్తుంది. కిందటేడు ఒకాయన చూడని పుస్తకాన్ని చూసినట్టు వేస్తే పట్టేసింది. ఇప్పుడాయన బస్టాండులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడట."

"ఎవరన్నారు?" అంది బుల్లి, అలవాటు చొప్పున.

"అందరూ అంటున్నారు" అన్నాడాయన, ఆధారాన్ని మొదటిసారి గాలికొదిలేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోతూ.

బుల్లి కళ్ళ ముందు బస్టాండు కనబడింది. కవర్ల బండి కనబడింది. బండి వెనక నున్నగా దువ్విన తల కూడా కనబడింది.

పది దాటాక ఫోనొచ్చింది. ఆయన గొంతు ఎగిరెగిరి పడుతోంది.

"బుల్లీ! పెద్దసారు పిలిచి భుజం తట్టారు! ఏడో పుటలో ఆ వాక్యముందే, వ్యాసం మొత్తానికి అదే ప్రాణమన్నారు. ఆ పుస్తకం ఆయన ఎప్పుడో చదివారట! మేడమ్ చూడాలంటోందట, పట్రమ్మన్నారు. అలమారాలో వెతుకు. పాప పుట్టినప్పట్నుంచీ నేనేం చదువుతున్నానో, ఏం రాస్తున్నానో నాకే గుర్తుండటంలేదు."

"ఏమండీ, ఆ పుస్తకం లేదండీ."

"లేకపోవడమేంటి? పెద్దసారు చదివారంటుంటే! పరుపు కింద చూడు."

"అది కాదండీ, అసలు అలాంటి పుస్తకమే..."

"క్లాసుకి బెల్లయింది. దొరికాక చెయ్యి!"

బుల్లి ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఊరికే పుట్టించిన పుస్తకాన్ని ఒక పెద్దమనిషి ఎప్పుడో చదివేశాడు. వంటింటి గుమ్మంలో అత్తగారు కూడా అలాగే నిలబడిపోయారు. ఆవిడ కారణం వేరు.

"ఏం పుస్తకమే? వాడు వెతకమంటున్నది?"

"ఏదో లెండి అత్తయ్యా, నిద్ర గురించి..."

"నీలం అట్టదా?"

"మీరు చూశారా?" అంది బుల్లి.

"చూడకేం? ఇంట్లో ఏ పుస్తకముందో ఆమాత్రం నాకు తెలీదనుకున్నావా?" అంటూనే అత్తగారు సంచీ అందుకున్నారు. "కూరగాయలకి వెళ్ళొస్తా."

"నిన్ననే తెచ్చారుగా!"

"నిన్నటివి నిన్నటికి" అని ఆవిడ గేటు దాటేశారు.

అసలు సంగతేమిటంటే, కిందటి వారం కొడుకూ కోడలూ లేని సమయం చూసి, మంచం కింద పేరుకుపోయిన పాత కాగితాలూ పుస్తకాలూ ఆవిడ గంపగుత్తగా పాత సామాన్ల కొట్టుకు వేసేశారు. ఆ ముక్క కొడుకుతో ఇంకా అనలేదు. పోయిన పుస్తకం ఆ గుట్టలోనే పోయుంటుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గుట్ట పైన నీలం అట్ట కనబడినట్టు లీలగా గుర్తు. అంతే, నీలం అట్ట ఖాయమైపోయింది.

ఇక ఫోన్లతో పని కాదని బుల్లి నిశ్చయించుకుంది. పాపకి రెండు గుక్కలు పాలు పట్టి, భుజానేసుకుని, బస్సెక్కి కాలేజీకి వెళ్ళింది. దారి పొడుగునా మనసులో అప్పగించుకుంటూనే ఉంది: "ఏమండీ, అది నేను రాశాను. తప్పయిపోయింది. కొట్టెయ్యమని చెప్పండి." నాలుగు ముక్కలు. నాలుగు ముక్కలు చెప్పడానికి మనిషి ఒక్క నిమిషం నిలబడితే చాలు.

మనిషి నిలబడితే కదా. లైబ్రరీలో దొరికాడు, లైబ్రేరియన్ బల్ల మీదకు సగం వంగిపోయి.

"నిద్రపట్టని ఇల్లు అండీ. చూడండి ఒకసారి."

లైబ్రేరియన్ ఈ మధ్యనే పుస్తకాలన్నీ లెక్కచూసి, ఒక్కటి కూడా పోలేదని సంతకం పెట్టి ఉన్నాడు. అలాంటి మనిషి లేదనే మాట ఎలా అంటాడు?

"ఉంది సార్. ఉండకేం! ఆ మూల అరలోనే ఉండేది. దానికి గిరాకీ జాస్తి."

"మరి ఇప్పుడు లేదే?"

"ఎవరో తీసుకెళ్ళుంటారు. పుస్తకమన్నాక చదవరా? మీ పక్కగది సారుని అడగండి. ఆయన ఇలాంటివి వదలరు."

"ఏమండీ, ఒక్క మాట" అని బుల్లి భర్త మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వెందుకొచ్చావు? దొరికిందా?"

"దొరకదండీ. ఎందుకంటే..."

"అయితే ఆయన దగ్గరే ఉంది!" అని ఆయన పరుగు లంకించుకున్నాడు. వెనకాల బుల్లి, ఆమె భుజం మీద తల వేలాడేసుకుని పాప.

పక్కగది సారు అద్దంలో చూసుకుంటూ టై సరిచేసుకుంటున్నాడు. పోటీవాడు చదివిన పుస్తకం తను చదవలేదని ఇంటర్వ్యూకి గంట ముందు ఒప్పుకోవడానికి ఆయనేమీ పిచ్చివాడు కాదు.

"ఓ, అదా! రెండుసార్లు చదివాను. మొదటి రెండు అధ్యాయాలూ అద్భుతం. మూడో అధ్యాయంతో మాత్రం నాకు పేచీ ఉంది."

"ఒక్క గంట ఇవ్వగలరా సార్? మేడమ్‌కి చూపించాలి."

"అయ్యో, ఇంట్లో ఉందే! మా మావగారు పట్టుకుని వదలటంలేదు."

ఒక్క క్షణం బుల్లికే అనుమానం వచ్చింది, అలాంటి పుస్తకం నిజంగానే ఎక్కడో ఉందేమోనని. మూడో అధ్యాయంలో తాత ఏం రాసి ఉంటాడో అని కూడా ఒక ఆలోచన తోచింది. తల విదిలించుకుంది. మెట్ల దగ్గర భర్తకి అడ్డంగా వెళ్ళి, చొక్కా పట్టుకుని ఆపింది.

"నిలబడండి! ఆ పుస్తకం లేదు. దాన్ని నేను..."

"ఏమయ్యా, మీ ఆవిడేనా?" అంటూ పైనుంచి పెద్దసారు దిగొచ్చారు. బుల్లి గబుక్కున చొక్కా వదిలేసింది. ఆయన చాలా హుషారుగా ఉన్నారు. తన కింద పనిచేసేవాడు ఇంత లోతైన పుస్తకం పట్టుకొచ్చాడని మేడమ్ ముందు కాలరెగరేసే అవకాశం దొరికింది మరి. "మీ ఆయన భలే పుస్తకం పట్టాడమ్మా! ఆ రచయిత నాకు బాగా తెలుసు. ఒక సభలో పక్కపక్కనే కూర్చున్నాం. పొడుగ్గా, హుందాగా ఉంటాడు మనిషి."

"పొట్టండీ" అనేసింది బుల్లి. అనేసి నాలుక కరుచుకుంది. తలుపు గడియ అందక స్టూలేసుకునే తాతను పొడుగంటే ఆమె నోరు ఊరుకోలేదు.

"ఏంటీ? నీకెలా తెలుసు?"

"మా... మా తాతయ్యండీ. అమ్మ వాళ్ళ నాన్న."

ఆ మాటతో అంతా అయిపోతుందనుకుంది. అక్కడే మొదలైంది.

"మనవరాలివా!" పెద్దసారు రెండు చేతులూ జోడించేశారు. "ఎంత మాట! వయసు మీద పడ్డాక మనిషి కాస్త కుంగిపోయి ఉంటారులే, మేం కలిసినప్పుడు నిటారుగానే ఉండేవారు. ఉండు, ఈ సంగతి మేడమ్‌కి చెప్పాలి!" అని వచ్చిన మెట్లే మళ్ళీ ఎక్కేశారు.

భర్త నోరు తెరుచుకుని బుల్లిని చూశాడు. "మీ తాతగారు పుస్తకం రాశారా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పావా?"

"అయ్యో రామా, అదే చెప్పబోతున్నాను! ఆయన రాయలేదు. ఆయనకి సంతకమే సరిగ్గా..."

"సార్, మిమ్మల్ని పైకి రమ్మంటున్నారు" అని పైనుంచి కేక.

ఇంటర్వ్యూ గది బయట వసారాలో బల్ల ఉంది. దాని మీద బుల్లి కూలబడింది. లోపలికి ముందు పక్కగది సారు వెళ్ళాడు. ఆలోపు భర్త తన రాతప్రతి వెతుక్కోవడానికి కిందికి పరుగెత్తాడు. పావుగంట తర్వాత టై నిమురుకుంటూ, నెత్తిన కిరీటం పెట్టినట్టు బయటికొచ్చాడు. "మూడో అధ్యాయం మీదే అంతసేపూ మాట్లాడాను. ఆవిడ రెప్పవెయ్యకుండా విన్నది" అని చెప్పి వెళ్ళాడు. ఇక భర్త వంతు. ఆయన రాతప్రతి పట్టుకుని అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. ఇప్పుడైనా చెప్పేద్దామని బుల్లి నోరు తెరిచింది.

"ఒరేయ్! దొరికిందిరా!"

వసారా చివరి నుంచి అత్తగారు. జుట్టంతా దుమ్ము, చెయ్యంతా మసి, భుజాన సంచీ. ఆవిడ ఆయాసం ఆవిడకే వినిపించటంలేదు. "ఆ పాత సామాన్ల కొట్టువాడు ఇవ్వనంటాడా! గుట్టంతా నేనే తిరగేశాను. నీలం అట్ట, చూశావా!" అంటూ పైఅట్ట సగం ఊడిపోయిన పుస్తకమొకటి కొడుకు చేతిలో కుక్కి, లోపలికి తోసేశారు.

"అత్తయ్యా, అదేం పుస్తకం?"

"అదే! నిద్రది."

"మీరు పేరు చూశారా?"

"అట్ట చిరిగిపోతే పేరెక్కడ చూడనే? నీలంగా ఉందా లేదా?"

తలుపు సరిగ్గా పడలేదు. ఆ సందులోంచి బుల్లికి లోపలంతా కనబడుతోంది. మేడమ్ సన్నగా, చిన్నగా ఉంది. కళ్ళజోడు మాత్రం పెద్దది. ఎదురుగా భర్త, పక్కన పెద్దసారు. పుస్తకం బల్ల మీద పెట్టగానే పెద్దసారు దాన్ని అందుకుని, అపురూపంగా నిమిరారు.

"ఆఁ, ఇదే మేడమ్! నాకు బాగా గుర్తు. ఇదే నీలం."

మేడమ్ తీసుకుంది. మొదటి పుట తిప్పింది. మొహంలో ఏ మార్పూ లేదు. వ్యాసంలో చెప్పిన పుట దగ్గర ఆగి, పైకి చదివింది: "'మోటారు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతే, ముందుగా ఫ్యూజు చూసుకోవాలి.'" తల ఎత్తింది. "నీటి మోటార్లు, వాటి మరమ్మతులు. మీరు చదివింది ఇదేనా సార్?"

పుస్తకాన్ని నిమిరిన పెద్దసారు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

మేడమ్ బుల్లి భర్త వైపు తిరిగింది. "పొద్దున్నే మీ వ్యాసం అందింది. మధ్యాహ్నం దాకా ఈ 'నిద్రపట్టని ఇల్లు' కోసం వెతికాను. నాకు తెలిసిన ఏ గ్రంథాలయంలోనూ ఆ పేరు లేదు. కానీ ఈ భవనంలో ఎవర్ని అడిగినా చదివామంటున్నారు. సూటిగా అడుగుతున్నాను. మీరు చదివారా?"

పెద్దసారు బల్ల వెనకనుంచి కనుబొమ్మలెగరేస్తూ, "చదివానని చెప్పు" అని సైగలు చేస్తున్నారు. భర్త ఒకసారి ఆయన వైపు, ఒకసారి మోటార్ల పుస్తకం వైపు చూశాడు.

"లేదు మేడమ్."

"మరి ఆధారంగా ఎలా వేశారు?"

"తెలీదు మేడమ్. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా వెతుకుతున్నాను. ఇందాక నా రాతప్రతి తీసి చూశాను. ఆ వాక్యం అందులో లేదు. నాది కాని వాక్యం, నేను చూడని పుస్తకం. నా వ్యాసం నేనే చదవకుండా పంపాను, అది నా తప్పు. ఆ రెండు లైన్లూ కొట్టెయ్యండి. దాని వల్ల ఉద్యోగం రాకపోతే... రాకపోనివ్వండి."

బుల్లి ఇక ఆగలేకపోయింది. పాపను భుజాన్నేసుకుని తలుపు నెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

"నేను రాశానండీ! ఆయనకేమీ తెలీదు. ఫ్యానాపేసి పాపని లేపేస్తే ఒళ్ళుమండి నేనే కొట్టాను. పుస్తకం లేదు, తాత రాయలేదు, ఆ వేసినవాళ్ళు పాలకొట్టువాళ్ళు! పొద్దున్నే తీసేద్దామనుకున్నా, ఈలోపే పంపించేశారు!"

గదిలో గాలి కూడా కదలటంలేదు. మేడమ్ కలం బల్ల మీద పెట్టి, బుల్లి భుజం మీదికి తొంగిచూసింది. పాప నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది.

"ఇంత నిశ్శబ్దంలోనూ లేవలేదే?" అంది మేడమ్.

బుల్లి కూడా చూసింది. ఇంత అన్యాయం చేస్తుందనుకోలేదు.

"మా ఇంట్లో అయితే లేస్తుందండీ" అంది, ఏడుపొక్కటే తక్కువగా.

"అయితే 'మా ఇంట్లో' అని రాయాలి. ఊరికే 'పసిపిల్ల' అంటే లోకంలో పిల్లలందరి తరఫునా మీరు మాట్లాడినట్టవుతుంది." మేడమ్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది బుల్లికి. "అమ్మా, లేని పుస్తకాన్ని పుట్టించడం చిన్న తప్పు కాదు. దీన్ని ఇంకొకరు చూసి వాళ్ళ వ్యాసంలో వేస్తారు, వాళ్ళని చూసి మరొకరు. పదేళ్ళకి మీ తాతగారు పెద్ద పండితుడైపోతారు. తర్వాత ఎవరూ దించలేరు."

"తప్పేనండీ."

"మీకు తోచిన మాటే అయితే, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాసి, 'స్వయంగా చెప్పగా విన్నది' అని వెయ్యొచ్చు. దానికీ పద్ధతుంది. పుస్తకం లేనంత మాత్రాన ఆధారం లేనట్టు కాదు." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీ వ్యాసం మీరు చదవకుండా పంపారు. దాన్ని క్షమించను. కానీ ఇవాళ ఈ భవనంలో 'నేను చదవలేదు' అన్న మనిషి మీరొక్కరే."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "నేను మొదటే కనిపెట్టాను మేడమ్. కుర్రాడు ఎంతవరకూ నిలబడతాడో చూద్దామని, కావాలనే..."

"అలాగా సార్! మంచిది" అంది మేడమ్. "అయితే ఇందాక మూడో అధ్యాయం గురించి పావుగంట చెప్పినాయన్ని కూడా ఒకసారి పిలిపించండి. మిగతా అధ్యాయాలు కూడా వింటాను."

వారం తిరగకుండా ఉత్తరమొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు, షరతుతో: వ్యాసంలో ఉన్న ప్రతి ఆధారాన్నీ ఆయనే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి, ఆయనే టైపు చెయ్యాలి. ఆ సాయంత్రం ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరాన్ని వెతికి వెతికి పొడుస్తున్నాడు. ఒళ్ళో పాప.

"'మా ఇంట్లో పసిపిల్ల చప్పుడుకు లేవదు...' ఇది అయింది. ఆధారం: నా భార్య, స్వయంగా చెప్పగా..."

"ఆగరా" అన్నారు అత్తగారు వంటింట్లోంచి వస్తూ. "నీ పెళ్ళాం పేరెలా వేస్తావు? ఆ మాట దానికి చెప్పిందెవరు?"

"మీరేనా అత్తయ్యా?"

"మరెవరనుకున్నావే? పురిటి మంచం మీదే చెప్పాను. నువ్వు పరధ్యానంలో ఉన్నావు."

ఆయన వేళ్ళు ఆగాయి. కళ్ళల్లో పాత జబ్బు మళ్ళీ మెరిసింది. "నీకెవరు చెప్పారమ్మా?"

"మా పెద్దత్త."

"ఆవిడకి?"

"ఆవిడ తోడికోడలు. కానీ ఆవిడ పేరు వెయ్యకు. నాకు పడదు."

"పడకపోతే ఎలాగమ్మా? నిజం నిజంగా వెయ్యాలి."

"అయితే చిన్న అక్షరాల్లో వెయ్యి."

వ్యాసం అచ్చయి వచ్చినప్పుడు ఆ మాటకు పట్టిన చోటు ఒకటిన్నర పంక్తి. అది ఎవరు ఎవరికి చెప్పారన్నదానికి మాత్రం పుట చాల్లేదు.